బందెల మామ, ఇనుప గేటు

మా ఊరికి పోలీస్ స్టేషన్ రాకముందే జైలుండేది. దాన్ని బందెలదొడ్డి అనేవాళ్ళం. అందులో ఖైదీలు ఆవులు, మేకలు, ఎప్పుడైనా ఒక గాడిద. నేరం ఎప్పుడూ ఒకటే, పక్కవాళ్ళ చేలో నోరు పెట్టడం. పంట పోయినవాడు తిట్టుకుంటూ తోలుకొచ్చి దొడ్డిలో పెట్టేవాడు. గొడ్డు తాలూకు మనిషి సాయంత్రానికి తిట్టుకుంటూ వచ్చి విడిపించుకుపోయేవాడు. ఇద్దరి తిట్లూ వినేవాడు మాత్రం ఒక్కడే, దొడ్డికి కాపలా ఉండే బందెల మామ.

ఆయన నాకేమీ మేనమామ కాదు. ఊరందరికీ మామే. ఆయన తండ్రి కూడా ఆ దొడ్డికే కాపలా ఉండేవాడు, ఆయనా ఊరందరికీ మామే. తండ్రీకొడుకులిద్దరూ మామలెలా అవుతారని అడక్కండి, మా వరసలు మావి. నా దర్జీ కొట్టు దొడ్డికి సరిగ్గా ఎదురుగా ఉంది. మిషను ముందు కూర్చుంటే సూది మొనా, దొడ్డి వాకిలీ ఒకే చూపులో పడతాయి. అందుకే ఆయన సంగతులు నాకు తెలిసినంతగా ఆయన భార్యకి కూడా తెలియవంటాను. ఆ మాటకి అత్త మూతి ముడుచుకుంటుంది. ముడుచుకోనీ.

అప్పట్లో దొడ్డికి తలుపు లేదు. రెండు రాతి స్తంభాలు, వాటికి తొలిచిన కన్నాల్లో అడ్డంగా దూర్చిన కర్రలు, అంతే. ఆ సందుల్లోంచి లోపలి గొడ్డుకి బయటి మనిషి, బయటి మనిషికి లోపలి గొడ్డు చక్కగా కనిపించేవి. మామ పని అంతా ఆ కర్రల దగ్గరే. ఎవరైనా వచ్చి ఫలానా ఆవు నాది అంటే, కొమ్ములెలా ఉంటాయి, మచ్చ ఎక్కడుంది లాంటి ప్రశ్నలేవీ వేసేవాడు కాదు. మనిషిని కర్రలకి ఇవతల నిలబెట్టి ఒక్క మాట అనేవాడు.

"పిలు."

ఇంటి దగ్గర ఎలా పిలుస్తారో అలాగే పిలవాలి. కొందరు నాలుకతో టకటకలాడించేవాళ్ళు, కొందరు ఈల వేసేవాళ్ళు, ఒక పెద్దాయన అయితే గొంతు సవరించుకుని దగ్గేవాడు, ఆయన ఆవు ఆ దగ్గుకే వచ్చేది. గొడ్డు తలెత్తి, మేత వదిలి, కర్రల దాకా నడిచొచ్చిందా, మామ మారుమాట లేకుండా కర్రలు లాగేసేవాడు. రాలేదా, వచ్చినవాడు ఎంతటివాడైనా "నీది కాదు, పోయిరా" అనేవాడు. కోపంగా కాదు, వెటకారంగా కాదు. వాన పడుతోంది, లోపలికి రా అన్నంత మామూలుగా అనేవాడు.

ఒకసారి పిండిమిల్లు యజమాని వచ్చాడు. అంతకు కొద్దిరోజుల ముందే కొనుక్కున్న ఆవు ఎవరి తోటలోనో దూరి దొడ్డికి చేరింది. ఆయన పిలిచాడు, బతిమాలాడు, ఆఖరికి అరిచాడు. ఆవు చెవి కూడా కదపలేదు. అదే సమయానికి దాన్ని అమ్మిన ముసలామె పక్కవీధిలోంచి వస్తూ ఎవరితోనో మాట్లాడింది. ఆ గొంతు విని ఆవు కర్రల మీద పడ్డంత పని చేసింది.

"డబ్బులిచ్చి కొన్నానయ్యా!" అని మిల్లు యజమాని ఒంటికాలి మీద లేచాడు.

"కొన్నావు, కాదన్లేదు. ఇంకా నీది అవలేదు. ముసలమ్మతో తోలించుకుపో. నాలుగు రోజులు నీ చేత్తో మేత వెయ్యి. ఈసారి దొరికితే నువ్వు పిలుద్దువుగాని."

ఊరు ఊరంతా వారం రోజులు నవ్వుకుంది. మిల్లు యజమాని కూడా చివరికి నవ్వేశాడు. ఇప్పుడు ఆ సంగతి తలచుకుంటే నాకు నవ్వు రాదు.

మామకి ఒక చెల్లెలుంది. ఊళ్ళో సగం ఇళ్ళకి పాలు పోసేది, అందుకని పాలక్క అనేవాళ్ళం. పెళ్ళయిన కొన్నాళ్ళకే మొగుడు పోతే మామే వెళ్ళి తీసుకొచ్చి, దొడ్డి పక్కన ఉన్న రెండు గదుల ఇంట్లో పెట్టాడు. ఒకరి పెట్టు మీద బతికే మనిషి కాదావిడ. అన్న ఇచ్చిన ఒక్క దూడని పెంచి, దాని సంతానాన్ని పెంచి, ఆ పాడి మీదే నిలబడింది. పిల్లల్లేరు. మందలో ఒక ఎర్రావుని "అమ్మాయ్" అని పిలిచేది. ఆ పిలుపు మామూలు పిలుపు కాదు. మొదట కింది నుంచి మొదలై, చివర సాగి, వీధి చివరి దాకా పోయేది. బడి నుంచి ఇంటికి పోతున్న ఆడపిల్లలు తమనే అనుకుని వెనక్కి తిరిగేవాళ్ళు. "మిమ్మల్ని కాదే, మా అమ్మాయిని" అనేది. వాళ్ళు కిలకిలా నవ్వేవాళ్ళు. ఎర్రావు మాత్రం గంభీరంగా నడిచొచ్చేది.

ఆ ఎర్రావుకి బడి తోటంటే ప్రాణం. అస్తమానూ దొడ్డికి చేరేది. అప్పుడు చూడాలి అన్నాచెల్లెళ్ళ తగాదా.

"సొంత చెల్లెల్ని, నా ఆవు నీకు తెలీదా? కర్రలు తియ్యి."

"పిలు."

"నేను పిలవను. అది పుట్టిన దగ్గర్నుంచి నువ్వు చూస్తున్న ఆవే కదా!"

"అందరికీ ఒకటే. పిలు."

పాలక్క పళ్ళు కొరుక్కునేది. ఆ తరవాత తప్పక గొంతెత్తి "అమ్మాయ్!" అనేది. ఎర్రావు వచ్చేది, కర్రలు పోయేవి. వెళ్తూ వెళ్తూ ఆ రాత్రికి అన్నకి పాలు పొయ్యనని శపథం చేసేది, చీకటి పడేలోపు చెంబుతో తనే తెచ్చిచ్చేది. వాళ్ళిద్దరి మధ్యా ప్రేమ అలాగే ఉండేది, తిట్ల మూటలో కట్టి.

నగరం ఒక్కరోజులో మా మీదికి రాలేదు. మొదట అది ఆకాశంలో ఒక మూల ఎర్రటి వెలుతురు, అంతే. తరవాత ఆ వెలుతురు కింద మేడలు మొలిచాయి. ఒక్కో ఏడాది ఆ మేడలు కాస్త ఇటు జరిగినట్టుండేవి. మా చేలకీ వాటికీ మధ్య కంచెలు పడ్డాయి, కంచెల లోపల ఏమీ ఉండేది కాదు, మేమూ పోకూడదు, గొడ్లూ పోకూడదు. పశువులకి మేత తగ్గింది, దొడ్డికి ఖైదీలు పెరిగారు. ఒకరోజు మా పంచాయతీ పెద్దలు నవ్వుకుంటూ నగరానికి వెళ్ళారు. వచ్చేటప్పుడు ఆ నవ్వులు కాస్త చిన్నవయ్యాయి. మా ఊరిని నగరంలో కలిపేశారట, మర్నాడు ఆఫీసు మీద ఊరి పేరున్న బోర్డు దింపేసి, వార్డు అంకె రాసిన బోర్డు పెట్టారు. పాత బోర్డుని ఎవరో కోళ్ళగూటికి తలుపుగా వాడుకున్నారు.

ఎవరి ఉద్యోగం ఉంటుందో, ఎవరిది పోతుందో తెలియక అందరికీ గుండెల్లో రాయి పడింది. నీళ్ళ ట్యాంకు చూసే అతన్ని తీసేశారు. దీపాలు వెలిగించే అతన్ని తీసేశారు. మామని మాత్రం ఉంచారు. ఆయన నా కొట్టుకి వచ్చి ఖాకీ గుడ్డ బల్ల మీద పెట్టాడు.

"నగరం నన్ను ఉంచుకుందమ్మా" అన్నాడు, పెళ్ళి కుదిరినవాడిలా. "యూనిఫారం వేసుకోవాలంట. జేబు లోతుగా పెట్టు. తాళం చెవి జారిపోకూడదు."

"దొడ్డికి తాళమేంటి మామా?"

"పెడతారంట."

నేను కొలతలు తీసుకున్నాను. జేబు లోతుగా, రెండు కుట్లు వేసి గట్టిగా కుట్టాను. అది తొడుక్కుని వీధిలో నడుస్తుంటే పాలక్క ఎదురొచ్చి, "ఎవరు సారూ మీరు, ఎవరింటికొచ్చారు?" అని ఏడిపించింది. ఆయన సిగ్గుపడ్డాడు, మురిసిపోయాడు కూడా. అంత వయసు మనిషి అలా మురిసిపోవడం చూసి నాకూ ముచ్చటేసింది.

తరవాత కూలీలు వచ్చారు. రాతి స్తంభాలు పీకేశారు. గోడ నా తల దాటి, నా కొట్టు చూరు దాటి లేచింది. కర్రల చోట ఇనుప రేకు గేటు పెట్టారు, నేల నుంచి గోడ పైదాకా ఒకటే రేకు, అందులో ఒక గొడ్డో బండో పట్టేంత తలుపు, ఆ తలుపుకి కింది వైపు తాళం. మామ గేటు చుట్టూ తిరిగి చూసి, పని చేయిస్తున్న సూపర్‌వైజర్ని అడిగాడు.

"సందులు పెట్టలేదేంటి సార్? గొడ్డుకి మనిషి కనపడాలి కదా."

"లోపల ఏముందో బయటివాళ్ళకి ఎందుకండీ?" అన్నాడు ఆయన.

ఈ సూపర్‌వైజర్ కుర్రాడు కాదు, ముసలాడు కాదు. ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా. ఎవర్నీ ఏకవచనంతో పిలవడు, గొంతు పెంచడు. అరిచే మనిషైతే మేమూ నాలుగు అరుపులు అరిచేవాళ్ళం. ఆయన "అండీ" అంటుంటే ఏమనాలో ఎవరికీ తోచేది కాదు.

కొన్నాళ్ళకి ఆ గేటులోకి గొడ్లతో పాటు వేరేవి పోవడం మొదలైంది. మొదట మా వీధి మలుపులో పళ్ళమ్మే అతని తోపుడుబండి. రోడ్డుకి అడ్డంగా ఉందట. మామ పాత పద్ధతిలోనే అతన్ని లోపలికి పిలిచి "తీసుకుపో" అనబోయాడు. సూపర్‌వైజర్ మధ్యలో చెయ్యి పెట్టి ఆపి, "రూల్స్ ఉన్నాయండీ. దీన్ని పిలిస్తే రాదు కదా" అని నవ్వాడు. మామ పద్ధతి గురించి ఎవరో ఆయన చెవిన వేసినట్టున్నారు. పళ్ళతను రోజూ వచ్చి గేటు ముందు నిలబడేవాడు. కొన్నాళ్ళు రోజు విడిచి రోజు వచ్చాడు. ఆ తరవాత రాలేదు. బండి మాత్రం లోపలే ఉంది, చక్రాలు మట్టిలోకి దిగిపోయాయని మామ చెప్పాడు. ఆ బండి పక్కన ఇంకో బండి, దాని మీద ఎవరివో బల్లలు, రేకు పెట్టెలు, ఒక చెప్పులు కుట్టే అతని గొడుగు. దొడ్డిలోంచి ఏదీ బయటికి రావడం నేను చూడలేదు.

ఆ రోజుల్లోనే వెనకగోడ పగలగొట్టి కొత్త రోడ్డు వైపు రెండో గేటు పెట్టారు. లారీ పట్టేంత గేటు.

"అదెందుకు మామా?" అని అడిగాను.

"చెత్త తీసుకెళ్ళడానికంట."

"చెత్తకి అంత గేటా?"

మామ జేబులో చెయ్యి పెట్టుకుని తాళం చెవి తడిమి చూసుకున్నాడు. ఈమధ్య అదొక అలవాటైంది ఆయనకి.

ఒకరోజు మైకు కట్టిన ఆటో వీధులన్నీ తిరిగింది. నగరం హద్దుల్లో ఉన్న ప్రతి పశువుకీ చెవికి నంబరు బిళ్ళ ఉండాలి, అందర్నీ ఆదివారం దొడ్డికి తోలుకు రమ్మన్నారు, బిళ్ళ లేని పశువు ఆ తరవాత ఎక్కడ కనిపించినా పట్టుకుపోతారు. ఊరు గుసగుసలాడింది. పశువుల్ని రాత్రికి రాత్రే అవతలి ఊళ్ళలో చుట్టాల దగ్గరికి దాటించేద్దామని కొందరన్నారు. పాలక్కకైతే ఆలోచించడం కూడా అయిపోయింది. వాళ్ళ బావగారి ఊరు నగరానికి దూరంగా ఉంది. తాళ్ళు తీసి సర్దుతోంది. దూడలకి దారిలో మేత కట్టింది.

మామ సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్ళి అడిగాడు. "బిళ్ళలేసి ఎవరివి వాళ్ళకి ఇచ్చేస్తారు కదా సార్?"

"అంతా రూలు ప్రకారమే జరుగుతుందండీ" అన్నాడాయన.

మామకి ఆ మాట అవునన్నట్టే వినిపించింది. పాపం, ఆయన ఎరిగిన రూలు ఒక్కటే కదా. యూనిఫారం వేసుకుని ఇల్లిల్లూ తిరిగాడు. "నేనున్నాను. తాళం నా దగ్గరే ఉంది. పొద్దున తోలుకొచ్చి సాయంత్రం తోలుకుపొండి" అన్నాడు. ఆ తిరుగుడు చివర చెల్లెలి గుమ్మం దగ్గర ఆగాడు. నేను అప్పుడు అక్కడే ఉన్నాను, రవికె ఇవ్వడానికి వెళ్ళి.

"నాకు మనసొప్పడం లేదన్నయ్యా" అంది పాలక్క. "మా బావగారింట్లో నాలుగు నెలలుంచి, గొడవ సద్దుమణిగాక తెచ్చుకుంటా."

"బిళ్ళ లేకపోతే ఎప్పటికీ తెచ్చుకోలేవే. దారిలో పట్టుకుంటే నా దొడ్డికి కూడా రావు, ఇంకెక్కడికో పోతాయి. నా దగ్గరుంటే నీకు భయమేంటి? మన నాన్న కాలం నుంచి ఈ దొడ్డిలోకి వెళ్ళింది తిరిగి రాకపోవడం ఎప్పుడైనా ఉందా?"

"పళ్ళబండి?" అంది పాలక్క.

ఆయన మొహం ఒక్క క్షణం మాడిపోయింది. జేబులోంచి తాళం చెవి తీసి ఆవిడ కళ్ళ ముందు పట్టుకున్నాడు. "బండికి నోరు లేదు. నీ ఆవుకుంది. నువ్వు పిలిస్తే అది వస్తుంది, అది వస్తే నేను తీస్తా. అంతకన్నా ఏం కావాలి?"

పాలక్క చాలాసేపు ఆ తాళం చెవి వంకే చూసింది. ఆ తరవాత సర్దిన తాళ్ళు విప్పేసింది.

ఆదివారం పొద్దున ఊరి పశువులన్నీ మా వీధిలోనే ఉన్నాయి. కడిగి, కొమ్ములు తుడిచి తెచ్చారు, బడిలో పిల్లల్ని చేర్పించడానికి వచ్చినట్టు. ఒక్కొక్కటీ ఇనుప గేటులోంచి లోపలికి వెళ్ళింది. వదిలినవాళ్ళు వదిలినట్టే ఇళ్ళకి వెళ్ళిపోయారు. ఒక్కరైనా గేటు దగ్గర కూర్చోలేదు. ఇంకో ఊరివాళ్ళైతే పలుపుతాడు చేతికి చుట్టుకుని అక్కడే పడుకునేవాళ్ళు, బిళ్ళ వేసిన మరుక్షణం లాక్కుపోయేవాళ్ళు. మావాళ్ళకి ఆ ఆలోచనే రాలేదు. దొడ్డిలో ఉందంటే మామ దగ్గరున్నట్టే కదా, ఇంట్లో ఉన్నదాని కన్నా భద్రం. పాలక్క కూడా ఎర్రావు తాడు అన్న చేతికిచ్చి, వంట ఉందని వెళ్ళిపోయింది.

సాయంత్రం వస్తే పని అవ్వలేదు, రేపు రండి అన్నారు. సరే అనుకున్నారు. మామ రాత్రంతా గేటు ముందే నులకమంచం వేసుకుని పడుకున్నాడు.

తెల్లారాక నేను కొట్టు తెరుస్తుంటే ఆయన మెట్ల మీదికొచ్చి కూర్చున్నాడు. టీ ఇచ్చాను. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గేటు దగ్గర ఒక మెకానిక్ నూనె డబ్బా పెట్టుకుని తాళమున్న తలుపు ముందు గొంతుకూర్చున్నాడు. "కిర్రుమంటోందని నేనే చెప్పా, నూనె పోయించమని" అన్నాడు మామ. మేమిద్దరం టీ తాగుతూ అతన్నే చూస్తున్నాం. అతను పని ముగించుకుని, చేతులు తుడుచుకుని, మాకు నమస్కారం కూడా పెట్టి వెళ్ళాడు.

కాస్త పొద్దెక్కాక జనం వచ్చారు. సూపర్‌వైజర్ గేటు ముందు నిలబడి మామూలు గొంతుతోనే చెప్పాడు. నగరంలో పశువుల్ని ఉంచాలంటే కొట్టం ఇళ్ళకి బాగా దూరంగా ఉండాలట, సిమెంటు నేల ఉండాలట, మురుగు కాలవ వేరుగా ఉండాలట. అలాంటి కొట్టం ఉన్నవాళ్ళు చూపించి తీసుకెళ్ళొచ్చు. లేనివాళ్ళ పశువుల్ని సంరక్షణ కేంద్రానికి పంపుతారు.

అలాంటి కొట్టం ఊళ్ళో ఎవరికుంది? ఎవరికీ లేదు. మనుషుల ఇళ్ళకే సిమెంటు నేల లేదు.

"ఎక్కడుందండీ ఆ కేంద్రం?" అని ఎవరో అడిగారు.

"దూరంగా ఉందండీ. బాగా చూసుకుంటారు. మీరు కంగారు పడకండి."

అప్పుడే వెనక గేటు వైపు లారీ ఇంజన్ల చప్పుడు వినిపించింది. ఒకటి కాదు, వరసగా. లోపల పశువులు కదిలాయి. గిట్టల చప్పుడు గోడ దాటి వచ్చింది. ఎవరో ఒక పెద్దాయన, ఆ దగ్గే పెద్దాయనే, గొంతు సవరించుకుని గట్టిగా దగ్గాడు. లోపలి నుంచి ఆయన ఆవు అరిచింది. అంతే, ఇంక అందరూ మొదలుపెట్టారు. టకటకలు, ఈలలు, పేర్లు, ఏడుపులు. లోపలి నుంచి అన్ని గొంతులూ బదులిచ్చాయి. రేకుకి అటూ ఇటూ ఆ పిలుపులు వింటూ కూర్చోలేకపోయాను. మిషను ఆపేసి వీధిలోకొచ్చి నిలబడ్డాను.

పాలక్క జనాన్ని తోసుకుంటూ వచ్చింది. సూపర్‌వైజర్ వంక చూడలేదు. తిన్నగా అన్న ముందు నిలబడింది.

"నీ మాట ప్రకారమే పిలుస్తున్నా అన్నయ్యా. అందరూ విన్నారుగా" అంది. గేటు వైపు తిరిగి గొంతెత్తింది. "అమ్మాయ్!"

అందరూ ఊరుకున్నారు. లోపల తొక్కిసలాట లాంటి చప్పుడు. తరవాత రేకుకి అవతల, మా ఛాతీ ఎత్తులో, ధన్‌మని ఒక దెబ్బ. ఎర్రావు వచ్చింది. నుదురుతో గేటుని తోస్తోంది.

మామ జేబులోంచి తాళం చెవి తీశాడు. "అది మా చెల్లిదే సార్" అన్నాడు సూపర్‌వైజర్‌తో. "పిలిస్తే వచ్చింది."

"ఆలోచించుకోండి. ఉద్యోగం పోతుందండీ" అన్నాడు ఆయన. చెయ్యి అడ్డం పెట్టలేదు, కదలను కూడా లేదు. అది చూసినప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

మామ ఆలోచించలేదు. ఆ మాట నేను ఎక్కడైనా చెప్తాను. వంగి, చెవి తాళంలో పెట్టి తిప్పాడు. తిరగలేదు. తీసి, చొక్కాకి తుడిచి మళ్ళీ పెట్టాడు. తిరగలేదు. అప్పుడు గుర్తొచ్చాడు నాకు నూనె డబ్బా మెకానిక్. కిర్రు పోవడానికి నూనె పొయ్యలేదతను. మా కళ్ళ ముందే, మేం టీ తాగుతూ చూస్తుండగా, తాళం మార్చేసి నమస్కారం పెట్టి వెళ్ళాడు.

"అమ్మాయ్!" అని మళ్ళీ పిలిచింది పాలక్క.

ధన్‌మని ఇంకో దెబ్బ, ఇందాకటి కన్నా గట్టిగా. రేకు ఇవతలికి ఉబ్బింది. గేటు కింది అంచున నేల మీద రక్తం చుక్కలు కనిపించాయి. మామ రేకుకి వీపు ఆనించి నిలబడిపోయాడు, ఆ తోపు తన వీపుతో ఆపుతున్నట్టు. చెల్లెలు మళ్ళీ నోరు తెరవబోతుంటే రెండు చేతులూ ఎత్తాడు.

"పిలవకు చెల్లీ" అన్నాడు. "పిలవకు. అది వచ్చేస్తోంది. నా వల్ల కావడం లేదు."

పాలక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇంక ఎవరూ పిలవలేదు. లోపల కర్రల చప్పుడు, మనుషుల అదిలింపులు, ఒక్కో లారీ తలుపు వేసిన చప్పుడు. లారీలు కదిలాక అందరం దొడ్డి చుట్టూ తిరిగి వెనక వైపు పరిగెత్తాం. కొత్త రోడ్డుకీ మాకూ మధ్య ఇనుప కంచె ఉంది. ఆ కంచె పట్టుకుని నిలబడ్డాం. లారీలు మలుపు తిరిగేదాకా ఎర్రావు గొంతు పోల్చుకోగలిగింది పాలక్క. మాకు అన్నీ ఒకేలా వినిపించాయి.

ఆ సంరక్షణ కేంద్రం కోసం మావాళ్ళు చాలారోజులు తిరిగారు. ఒక చోట అడిగితే ఇంకో చోటికి పొమ్మన్నారు, అక్కడ అడిగితే మొదటి చోటికే పొమ్మన్నారు. అందరికన్నా ఎక్కువ తిరిగింది మామే. మొదటి రోజు యూనిఫారంతో వెళ్ళాడు, రెండో రోజు నుంచి మామూలు చొక్కాతో. ఎక్కడ ఇనుప గేటు కనిపిస్తే అక్కడ నిలబడి, చెల్లెలి పిలుపుని తనే పిలిచి చూశాడట. కాపలావాళ్ళు పిచ్చివాడనుకుని తరిమారట. ఆ సంగతి ఆయన నాకొక్కదానికే చెప్పాడు. ఉద్యోగం ఎలాగూ పోయింది. ఇప్పుడు గేటు దగ్గర ఎవరో కొత్తతను ఉన్నాడు, మా మొహాలు ఎరగడు. ఊళ్ళోకి పాల ప్యాకెట్ల వ్యాను వస్తోంది. పాలక్క కూడా ప్యాకెట్టే కొంటోంది. కొన్న మొదటి రోజు దాన్ని చేతిలో పట్టుకుని ఎటు వైపు కత్తిరించాలో తెలియక నా కొట్టుకి తెచ్చింది.

మొన్న మా వీధి గోడల మీద ఎవరో ఎర్రరంగుతో గీతలు గీసిపోయారు. నా కొట్టు గోడ మీదా గీశారు, పాలక్క ఇంటి మీదా గీశారు. ఎందుకని అడిగితే "ఊరికే కొలతలకండీ" అన్నాడట సూపర్‌వైజర్. ఆ మాట చెవిన పడగానే మామ మళ్ళీ ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాడు.

"కొలతలకే అంటే నమ్మకండి. దేనికీ ఒప్పుకోకండి. అందరం ఒకచోట కూర్చుని మాట్లాడుకుందాం రండి" అని ప్రతి గుమ్మం ముందూ మొత్తుకున్నాడు.

"ఒకసారి నీ మాట విన్నాం కదా మామా, చాల్లే" అన్నారు జనం. కొందరు ఆ మాట కూడా అనకుండా తలుపేసుకున్నారు. ఈసారి ఆయన చెప్పింది నిజమని నాకు తెలుసు. ఆ గీతలు చూసినప్పుడల్లా నాకు గేటు దగ్గర గొంతుకూర్చున్న మెకానిక్కే కనిపిస్తున్నాడు. చెప్పి చూశాను, నా మాటా ఎవరికీ ఎక్కలేదు.

నిన్న సాయంత్రం నేను పాలక్క ఇంట్లో ఉన్నాను. ఆవిడ పాత తాళ్ళు చిక్కులు తీస్తోంది, ఇంక దేనికీ పనికిరావని తెలిసీ. ఆ పనయ్యాక నాతో కలిసి అన్నం తింటానంది. ఇంతలో బయట అడుగుల చప్పుడు, మామ దగ్గు. ఆ లారీలు వెళ్ళిన రోజు నుంచీ ఆవిడ అన్నతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన కూడా ఇంతకాలం ఈ గుమ్మం తొక్కలేదు.

తలుపు చేరవేసి ఉంది, గడియ లేదు. తోస్తే తెరుచుకునేదే. ఆయన తొయ్యలేదు. గుమ్మానికి అవతలే నిలబడ్డాడు.

"చెల్లీ" అని పిలిచాడు.

పాలక్క చేతుల్లో తాడు ఆగిపోయింది. తల మాత్రం ఎత్తలేదు.

"చెల్లీ. నేనే."

నేను లేవబోయాను. ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేసింది. ఆవిడకి కోపం పోలేదు, ప్రేమా పోలేదు, అది నాకు ఆ పట్టులోనే తెలిసింది. కాని లేవలేకపోయింది.

బయట ఆయన కాసేపు ఎదురుచూశాడు. తలుపు సందులోంచి నాకు ఆయన చెప్పులు కనిపిస్తున్నాయి. మూడోసారి పిలుస్తాడనుకున్నాను, పిలవలేదు. దొడ్డి దగ్గర కర్రల ముందు నిలబెట్టి అందరితో అనే ఆ మామూలు గొంతుతోనే, తనలో తను అనుకున్నట్టు అన్నాడు.

"నాది కాదు."

చెప్పుల చప్పుడు మెల్లగా వీధిలోకి వెళ్ళిపోయింది. పాలక్క నా మోచెయ్యి ఇంకా వదల్లేదు.